చిల్లక్క

మా వదినని రాళ్ళ షెడ్డులో అందరూ చిల్లక్క అంటారు. చాటుగా అంటారనుకునేరు, ఎదురుగానే అంటారు. ఆమెకి వినపడదు కదా, ఇంకేం భయం? రాయి దంచే యంత్రం పక్కన ఏళ్ళ తరబడి నిలబడ్డ చెవులు ఆమెవి. ఎవరి పెదాలు కదిలినా తనని పలకరిస్తున్నారనుకుని నవ్వుతూ తల ఊపుతుంది. చిల్లక్కా అన్నా అదే నవ్వు, అదే తల ఊపు. వాళ్ళకది వేడుక.

నేను ఆమె ఆడపడుచుని. వదిన గురించి ఆడపడుచు మంచి చెప్పడం అంత తరచుగా జరిగే పని కాదు కాబట్టి నా మాట కాస్త నమ్మవచ్చు. నాకు నోరెక్కువ అని మా ఇంట్లో అందరూ ఒప్పుకున్నదే. బట్టలు కుట్టి బతికేదాన్ని, కత్తెర ఎంత ఆడుతుందో నోరూ అంతే ఆడుతుంది. మా అన్నయ్యని, మా అమ్మని ఇందులో నేను ఏమైనా అంటే, అది కావాలని అన్నదే.

అన్నయ్యా వదినా ఒకే చోట పనిచేసేవారు. అణు విద్యుత్ కేంద్రాల్లో వాడేసిన ఇంధనాన్ని ఎక్కడో ఒకచోట పాతిపెట్టాలి. పాతిపెట్టేది భూమి లోపల, బాగా లోతున, రాతిలో. పాతిపెట్టగానే అది బుద్ధిగా పడుంటుందా? ఉండదు. లోపల నీళ్ళుంటాయి. ఎప్పటికో ఆ నీళ్ళు పెట్టెల దాకా వస్తాయి, పెట్టెలు తుప్పు పడతాయి, లోపలి విషం నీళ్ళలో కలుస్తుంది. అప్పుడు దాన్ని పైకి రాకుండా పట్టుకోవలసింది పెట్టెల చుట్టూ కూరిన బంకమన్ను, ఆ మట్టి చుట్టూ ఉన్న రాయి. మట్టి దేన్ని పట్టుకుంటుంది, రాయి దేన్ని పట్టుకుంటుంది, పట్టుకున్నదాన్ని మళ్ళీ వదిలేస్తుందా అని తేల్చే ప్రయోగశాల అది. వదిన అందులో పరీక్షలు చేసే మనిషి. చదువుకుని, పోటీలో నెగ్గి వచ్చిన ఉద్యోగం. అన్నయ్య ఆ భవనానికి గ్యాస్ సిలిండర్లు మార్చే మనిషి. మా అమ్మ పట్టుబట్టి, కాళ్ళూ గడ్డాలూ పట్టుకుని వేయించిన ఉద్యోగం.

వదిన కూరగాయలు తరుగుతూ నాకు చెప్పేది. ఆమెకి చెప్పడం ఇష్టం, నాకు వినడం ఇష్టం. "సీజియం అని ఒకటుంది. అది బంకమట్టి పొరల మధ్యకి దూరిందంటే ఇక అక్కడే, లాగినా రాదు. దానితో మనకి పేచీ లేదు. టెక్నీషియం అలా కాదు. గాలి తగిలినంతసేపూ నీళ్ళతో పాటు పోతూనే ఉంటుంది, రాయిని లెక్కే చెయ్యదు. అదే గాలి లేని చోట, రాతిలో ఇనుము ఉన్న చోట అయితే నీళ్ళని వదిలేసి రాయిని కరుచుకుంటుంది. భూమి లోపల గాలి ఉండదు కదా, అక్కడ కరుచుకునే ఉంటుందని మా ఆశ."

"మళ్ళీ గాలి తగిలితేనో?"

"వదిలేస్తుంది. ఎన్నేళ్ళు పట్టుకుని కూర్చున్నా సరే."

అందుకని ఆ పరీక్ష గాలిలో చెయ్యకూడదు. పెద్ద గాజు పెట్టె ఉంటుంది, దాని నిండా నైట్రోజన్. పెట్టె ముందువైపు గుండ్రటి రంధ్రాలకి భుజాల దాకా వచ్చే నల్ల రబ్బరు తొడుగులు బిగించి ఉంటాయి. బయట నిలబడి వాటిలో చేతులు దూర్చి, లోపలున్న సీసాలు పట్టుకోవాలి. లోపలి వాయువు ఎప్పుడూ బయటి గాలికన్నా కాస్త ఎక్కువ ఒత్తిడితో ఉంటుంది. అందువల్ల ఎవరి చేతులూ లేనప్పుడు ఆ తొడుగులు బయటికి పొడుచుకొచ్చి, వేళ్ళు చాపుకుని నిలబడి ఉంటాయి. ఒకసారి బయటివాళ్ళని లోపలికి రానిచ్చిన రోజు నేను వెళ్ళి చూసి జడుసుకున్నాను. వదిన నవ్వి వాటికి షేక్‌హ్యాండ్ ఇచ్చింది.

ఆ సీసాల్లో రాతిపొడి, నీళ్ళు, చిటికెడంత టెక్నీషియం. పెళ్ళి కాకముందు ఆమె మొదలుపెట్టిన పరీక్ష అది. పెళ్ళయింది, పిల్ల పుట్టింది, పిల్ల పాకడం మొదలుపెట్టింది, సీసాలు ఇంకా అక్కడే ఉన్నాయి. మధ్యమధ్య నీళ్ళు ఒక బొట్టు తీసి కొలిచేవారు. నీళ్ళలో ఏమీ లేదు, అంతా రాయి పట్టుకునే ఉంది. ఆ గదికి పెద్ద అయిన మేడమ్ వదినకి మాట ఇచ్చింది: సెలవుల తర్వాత ఆఖరి కొలత, అది కూడా బాగుంటే కొత్తగా తవ్విన సొరంగంలో అసలు రాయి మీద చెయ్యబోయే పరీక్ష బాధ్యత నీదే అని. వదిన పనికి నేను అప్పుడే రెండు కొత్త కోట్లు కుట్టాను, లోపల చలిగా ఉంటుందని లైనింగ్ వేసి.

ఇక మా అన్నయ్య. అతని పని ఒక్కటే. ఆ పెట్టెకి నైట్రోజన్ వచ్చే సిలిండర్ భవనం వెనక గోడకి ఆనుకుని ఉంటుంది, అది అయిపోవచ్చే ముందు నిండుది బిగించి, దాని మెడ మీద సుద్దముక్కతో 'నిండు' అని రాయాలి. ఈ పనిలోనే అప్పటికి రెండుసార్లు దొరికిపోయాడు. ఒకసారి సిలిండర్ల చాటున దుప్పటి పరుచుకుని పడుకుని, ఇంకోసారి ఒక సిలిండర్ బదులు ఇంకోటి బిగించి. మూడోసారి దొరికితే ఇంటికే అని చెప్పేశారు. ఇంటికే అంటే, ఆ ఇల్లు కూడా వాళ్ళదే, అన్నయ్య పేరు మీద ఇచ్చిన క్వార్టరు.

ఆ సెలవులకి ముందు రోజు స్నేహితులు చేపలు పట్టడానికి పిలిచారు. అన్నయ్య సిలిండర్ మార్చలేదు. సాయంత్రం వచ్చి మారుద్దామనుకుని, ఉన్నదాని మీదే సుద్దముక్కతో నిండు అని రాసేసి పోయాడు. అన్నయ్యకి సాయంత్రం అనేది ఎప్పుడూ రాదు.

సెలవులు అయిపోయిన రోజు వదిన అందరికన్నా ముందు వెళ్ళింది. ఆఖరి కొలత రోజు కదా, పెళ్ళివారింటికి వెళ్ళినట్టు వెళ్ళింది. గదిలోకి అడుగు పెట్టగానే చూసింది: తొడుగులు వేళ్ళాడుతున్నాయి. వేళ్ళన్నీ కిందికి వాలిపోయి పెట్టె గోడకి అంటుకుని ఉన్నాయి. లోపలున్న మీటరు చూస్తే గాలి ఎప్పుడో చేరిపోయింది. వెనక్కి పరుగెత్తి సిలిండర్ చూస్తే ముల్లు సున్నా మీద ఉంది, మెడ మీద 'నిండు' అని ఉంది, పక్కనే అసలు నిండు సిలిండర్ మూత కూడా విప్పకుండా నిలబడి ఉంది.

అక్కడే నిలబడి మేడమ్‌కి ఫోన్ చెయ్యవలసిన మనిషి, ఇల్లు గోడకి ఇవతలే కదా అని ఇంటికి వచ్చింది. మొగుడిని అడుగుదామని. ఆ ఒక్క పని చెయ్యకుండా ఉంటే ఈ కథ లేదు.

నేను సెలవులకి వచ్చి అక్కడే ఉన్నాను. అన్నయ్య ఇంకా దుప్పట్లోనే ఉన్నాడు. అమ్మ పిల్లని ఒళ్ళో వేసుకుని పాలు పడుతోంది.

"సిలిండర్ మార్చలేదు కదూ?" అంది వదిన. గొంతు పెద్దది చెయ్యలేదు.

"మార్చానే. నిండు అని రాశాను కూడా."

"రాశారు. పక్కన నిండుది మూత కూడా విప్పలేదు."

అన్నయ్య లేచి కూర్చుని నీళ్ళు నమిలాడు. చేపలన్నాడు, బస్సన్నాడు, తలనొప్పన్నాడు. వదిన వినట్లేదు. గోడ వైపు చూస్తూ, "అంతా నీళ్ళలోకి వచ్చేసి ఉంటుంది" అంది తనలో తనే.

మా అమ్మకి చదువు లేదు గాని కొడుకు ఉద్యోగం గురించి కొడుక్కన్నా ఎక్కువ తెలుసు. పాలసీసా పిల్ల నోట్లోంచి తియ్యకుండానే అడిగింది. "అమ్మాయ్, ఆ తొడుగుకి చిల్లు పడిందనుకో. నిండు సిలిండరైనా ఖాళీ అవుతుందా, అవదా?"

"అవుతుందనే అనుకుంటారు అత్తయ్యా. కానీ చిల్లు పడలేదు. నేను రోజూ చూస్తాను."

"పడకపోతే పెట్టు."

నేను నోరు తెరిచాను. "అమ్మా, నీకేమైనా మతి పోయిందా" అన్నాను. "నువ్వు వంటింట్లోకి పో" అంది. పోలేదు, గుమ్మంలోనే నిలబడ్డాను. నా మాట ఆ ఇంట్లో ఎప్పుడు చెల్లింది గనక!

"వాడి వల్ల అయిందంటే వాణ్ణి తీసేస్తారు, రేపు మనం ఈ సామాను రోడ్డు మీద పెట్టుకోవాలి" అంది అమ్మ. "నీ వల్ల అయిందంటే తిడతారు. అంతే కదా? మేడమ్‌కి నువ్వంటే ప్రాణం అని నువ్వే చెప్పావు. తిడితే పడవా? నేను తిట్టినప్పుడు పడట్లేదూ?"

వదిన అన్నయ్య వైపు చూసింది. అతను ఒక్క మాట అంటే చాలు, వద్దులే, నేనే చెప్పుకుంటాను అని. అతను చొక్కా కోసం వెతుక్కుంటున్నాడు.

అమ్మ చెయ్యి చాపి నా కుట్టు డబ్బా మూత తీసి, లావుపాటి సూది ఒకటి ఎంచి ఇచ్చింది. ఎంచి అని ఎందుకంటున్నానంటే, ముందు ఒక సన్న సూది తీసి, పనికిరాదని పెట్టేసి, ఇంకోటి తీసింది. తర్వాత వదిన చెయ్యి పట్టుకుని పిల్ల తల మీద పెట్టింది. "నేను పోయేదాకా ఈ మాట నీ నోట రాకూడదు. నా కొడుకు నా కళ్ళ ముందు తల దించుకోకూడదు. పిల్ల మీద ఒట్టు." వదిన వేసింది. పిల్లకి ఇంకా నడకే రాలేదు.

ఆ తర్వాత జరిగింది వదిన చాలా కాలానికి నాకు చెప్పింది. గదిలోకి వెళ్ళి కుడిచేతి తొడుగు పట్టుకుంది. వారం వారం తడిగుడ్డతో తుడిచి, వేలు వేలూ లాగి, బీటలు ఉన్నాయేమోనని వెతికి చూసుకున్న తొడుగు. బొటనవేలి మొదట్లో సూది ఆనించి, ఇలా వదిలేసి మేడమ్ వచ్చేదాకా నిలబడదామా అనుకుందట. అప్పుడు గోడ అవతల అన్నయ్య ఆ నిండు సిలిండర్‌ని ఎవరి కంటా పడకముందే యార్డులోకి దొర్లిస్తున్న చప్పుడు వినిపించింది. కిటికీలోంచి చూస్తే కాళ్ళకి చెప్పులు కూడా లేవు. "పాపం అనిపించింది" అంది వదిన, "గుచ్చేశాను."

పాపమట! ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మేడమ్ వచ్చి, చిల్లు చూసి, మీటరు చూసి, "గోళ్ళు చూపించు" అంది. వదిన చేతులు చాపింది. గోళ్ళు మొదళ్ళ దాకా కత్తిరించి ఉన్నాయి. మేడమ్ ఆ చేతులు పట్టుకోనైనా లేదు. "నిన్ను కింద సొరంగంలోకి పంపుదామనుకున్నాను చూడు, నన్ను అనాలి" అంది. ప్రాణం అన్నది అంతే. సీసాలు ఒక్కొక్కటే కొలిచారు. అన్నేళ్ళూ రాయిని కరుచుకుని ఉన్నది కొద్ది రోజుల గాలికే వదిలేసి నీళ్ళలోకి వచ్చేస్తోంది. వదినని తిట్టలేదు. తిడతారని అమ్మ వేసిన లెక్క తప్పింది. ఆ నెలలోనే రాళ్ళ షెడ్డుకి మార్చారు.

బయట బోరింగు వేసి తెచ్చిన రాతి కడ్డీలని పరీక్షలకి పనికొచ్చేలా దంచి, జల్లెడపట్టి, సంచుల్లో పోసే చోటు అది. ఇనప దవడల మధ్య రాయి నలుగుతుంటే పళ్ళు జివ్వుమంటాయి. దుమ్ము కళ్ళలో, ముక్కులో, అన్నంలో. చెవులకి పెట్టుకునేవి అడిగితే, ఇస్తాం అన్నారు. ఇచ్చేసరికి వదినకి వాటి అవసరం తీరిపోయింది. చిల్లక్క అన్న పేరు అక్కడే పడింది. జల్లెడలు ఆమెకే అప్పగించారు, చిల్లుల పని ఆమెకి కాక ఇంకెవరికిస్తారని నవ్వుకున్నారు.

అన్నయ్య మొదట్లో ఆమెకి మొహం చూపించలేకపోయాడు. ఆ రోజుల్లో పని నుంచి వస్తూ పళ్ళు తెచ్చేవాడు, అడగకుండానే బట్టలు ఆరేసేవాడు. ఈ మనిషి బాగుపడతాడేమో అని నేను కూడా ఆశపడ్డాను. తర్వాత ఎవరైనా అడిగితే "ఏదో, మా ఖర్మ" అనడం మొదలుపెట్టాడు. తర్వాత "మా ఆవిడ చెయ్యి కాస్త జారింది" అన్నాడు. ఇంకొన్నాళ్ళకి ఆ చేతికి గోరు మొలిచింది. మరికొన్నాళ్ళకి, గోరు తీసుకోమని తను ముందు రోజే చెప్పాడు, ఆమె వినలేదు. అబద్ధం ఆడే మనిషికి కళ్ళలో ఎక్కడో ఒక బెదురు ఉంటుంది. అది పోయింది. అది పోయిన రోజున నాకు తెలిసింది, ఇతను దీన్ని నమ్ముతున్నాడని. నమ్మాక ఆమె మీద కోపం కూడా వచ్చింది. అన్నంలో ఉప్పు ఎక్కువైతే "చేతుల్లో జాగ్రత్త ఉంటే కదా" అనేవాడు, అందరి ముందూ.

పైవాళ్ళు కూడా అతన్ని నమ్మారు. మచ్చ లేని మనిషి అయ్యాడు కదా, గ్యాసు భద్రత చూసే పెద్దగా చేశారు. ఏటేటా కొత్తగా చేరినవాళ్ళకి అతనే పాఠం చెబుతాడు. ఆ తొడుగుని గాజు మూత కింద పెట్టించాడు. దాన్ని తీసి, చిల్లులోంచి పుల్ల దూర్చి చూపించి, "ఇది ఎవరు చేశారో తెలుసా? మా ఇంటావిడే" అంటాడట. గది ఘొల్లుమంటుందట. ఆ గుంపు అక్కడి నుంచి నేరుగా రాళ్ళ షెడ్డు చూడ్డానికి వస్తుంది. వదిన వాళ్ళని చూసి నవ్వుతూ తల ఊపుతుంది.

ఇవన్నీ ఆమె పడింది. పడలేనిది ఒక్కటే, కూతురు.

ఆ కాలనీ బడిలో పిల్లలందరి తల్లిదండ్రులూ ఆ ప్రయోగశాల వాళ్ళే. మీ అమ్మే కదా చిల్లు పెట్టింది అని పిల్లని ఏడిపించేవారు. పిల్ల తండ్రిని అడిగింది, తండ్రి గోరు కథ చెప్పాడు. ఒకరోజు స్కూల్లో ఏదో బహుమతి ఇస్తుంటే వదిన షెడ్డు నుంచి పరుగున వెళ్ళింది, దుమ్ము కూడా సరిగ్గా దులుపుకోకుండా. పిల్ల ఇంటికొచ్చి "ఇంకెప్పుడూ నువ్వు రాకమ్మా, నాన్న వస్తాడు" అంది. వదినకి అప్పటికి కాస్తో కూస్తో వినపడేది. అది మాత్రం బాగా వినపడింది.

ఆ రాత్రి కడిగిన గిన్నెలు తుడుస్తూ నాతో అంది. "నాకు మేడమ్‌కి తెలియక్కర్లేదు. షెడ్డులో వాళ్ళకి తెలియక్కర్లేదు. ఆయన అనేది ఆయన అననీ. పిల్ల ఒక్కదానికి తెలిస్తే చాలు, మా అమ్మ చేతకానిది కాదు అని. ఇంకేం వద్దు నాకు."

"నేను చెబుతాను ఉండు, ఇప్పుడే చెబుతాను" అన్నాను లేస్తూ.

"వద్దు. పిల్ల తల మీద పెట్టాను చెయ్యి. అయినా చెబితే నేనే చెప్పాలి, నీ నోటితో కాదు. అత్తయ్య వెళ్ళిపోయాక చెబుతాను." అప్పటికి అమ్మకి ఆయాసం మొదలైంది. ఎంతోకాలం పట్టదనే అనుకున్నాం.

మా అమ్మ తొందరపడే మనిషి కాదు. ఆయాసంతో కొన్నేళ్ళు, తుంటి విరిగి కొన్నేళ్ళు, మంచం మీద కొన్నేళ్ళు. ఇక లాభం లేదు, అందరినీ పిలిపించుకోండి అని డాక్టరు ఎన్నిసార్లు చెప్పాడో! అందరం వచ్చి చుట్టూ కూర్చునేవాళ్ళం. అమ్మ కళ్ళు తెరిచి, ఒక్కొక్కరినీ పరకాయించి చూసి, కాఫీ అడిగేది. కాఫీలో పంచదార తక్కువైందని గొడవ కూడా పెట్టేది.

ఆమె ఒంటి మీద ఒక్క పుండు పడనివ్వలేదు వదిన. పొద్దున షెడ్డుకి వెళ్ళేముందు ఒళ్ళు తుడిచి, పక్క మార్చి, మాత్రలు పొడి చేసి పెట్టేది. మధ్యాహ్నం అన్నం వేళకి వచ్చి అటు తిప్పి పడుకోబెట్టి పోయేది. కన్నకూతుర్ని, నేనే అంత చెయ్యలేదు. ఎవరి చావు కోసం ఎదురుచూస్తోందో ఆ మనిషినే చేజేతులా బతికించింది. అమ్మకి అదంతా తెలుసు. వదిన పాలగ్లాసు నోటికి అందిస్తుంటే నా వైపు తిరిగి అనేది, "నేనెప్పుడు పోతానా, ఎప్పుడు చెప్పేద్దామా అని చూస్తోంది మీ వదిన. ఇంకా ఉన్నానులే." వదినకి వినపడేది కాదు. నవ్వుతూ తల ఊపి, మూతి తుడిచేది. అమ్మ పకపకా నవ్వేది, నవ్వితే దగ్గొచ్చేది, దగ్గొస్తే వదినే వీపు రాసేది. నా తల్లి కాబట్టి అంటున్నాను, అంత కఠినమైన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఈలోగా పిల్ల పెద్దదై, వేరే ఊళ్ళో చదువుకుని, తల్లి చదివిన చదువే ఇంకాస్త పెద్దది చదివింది. చదువు అయిపోయేసరికి ఆ ప్రయోగశాలలోనే పరీక్షల గదిలో చోటు ఖాళీ అయింది. అప్పటి మేడమ్ ఇప్పుడు మొత్తం ప్రయోగశాలకే పెద్ద. ఇంటర్వ్యూలో పిల్ల చెప్పినవన్నీ విని, "నీ తల్లిని కాదు, నీ తండ్రిని చూసి తీసుకుంటున్నాను" అందట. అన్నయ్య ఆ మాటని ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు.

ఉద్యోగం ఖాయమైన వారానికి అమ్మ పోయింది. నిద్రలో, హాయిగా, ఎవరికీ ఏమీ చెప్పకుండా. నేను ఏడ్చాను. వదిన కూడా ఏడ్చింది, అది దొంగ ఏడుపు కాదు. మనిషికి చేసి చేసి ఆ చేతులకి అలవాటైపోయింది.

పిల్ల పనిలో చేరబోయే ముందు ఆదివారం నన్ను భోజనానికి పిలిచారు. తిన్నాక అన్నయ్య ముందుగదిలో టీవీ పెట్టుకుని కూర్చున్నాడు. రేపు పిల్ల వేసుకోబోయే కోటు చేతులు పొడుగైతే నేను వెనకగదిలో పాత కుట్టుమిషన్ ముందు కూర్చుని చేత్తో మడిచి కుడుతున్నాను. పిల్ల నా పక్కన కూర్చుని గోళ్ళు కత్తిరించుకుంటోంది. వదిన వచ్చి తలుపు దగ్గరగా వేసింది. ఆమె మొహం చూడగానే నాకు అర్థమైంది. సూది పక్కన పెట్టేశాను.

రహస్యంగా చెబుదామనుకుంది పాపం. చెవిటివాళ్ళకి తమ గొంతు ఎంతుందో తెలియదు. తగ్గించి, తగ్గించి చెబుతున్నాననుకుంటూ మామూలు గొంతుతో చెప్పింది. నేను చప్పుడు కోసం కుట్టుమిషన్ తొక్కుతూ కూర్చున్నాను, గుడ్డ లేకుండానే. వదిన అంతా చెప్పింది. వాలిపోయిన తొడుగులు, సుద్దముక్క రాత, సూది, నీ తల మీద ఒట్టు. ఏడవలేదు. తిట్టలేదు. "మీ నాన్న మీద కోపం పెట్టుకోకు. నీకు తెలియాలని చెబుతున్నానంతే. నా చెయ్యి ఎప్పుడూ జారలేదు" అంది. చెప్పి, పిల్ల మొహంలోకి చూస్తూ ఆగిపోయింది. ఒక మనిషి మొహంలోకి ఇంకో మనిషి అలా చూడటం నేనెన్నడూ చూడలేదు.

పిల్ల ఆశ్చర్యపోలేదు. గోళ్ళ కత్తెర ముడిచి పక్కన పెట్టింది.

"నాకు తెలుసమ్మా" అంది.

వదినకి వినపడలేదు. నేను పిల్ల మొహం వైపు చూశాను. పిల్ల తల్లి చెవి దగ్గరికి జరిగి గట్టిగా అంది. "నాకు తెలుసు! సూది గుచ్చిన చిల్లుకి నిండు సిలిండర్ కొద్ది రోజుల్లో ఖాళీ అవ్వదు. కాలేజీలో ఉండగానే లెక్క వేసి చూశాను."

వదిన మొహం వెలిగింది. నిజంగా వెలిగింది, నేను చూశాను. "తెలుసా? మరి అడగలేదేమే?"

"అడిగితే నువ్వు చెప్పేస్తావని."

అదీ వినపడలేదు. వినపడకపోతేనే బాగుండునని నేను మిషన్ ఇంకా గట్టిగా తొక్కాను. పిల్ల మళ్ళీ చెప్పలేదు. తల్లి రెండు చేతులూ పట్టుకుని, చెవిలో నోరు పెట్టింది. "అమ్మా, నాన్న పేరు మీద నన్ను తీసుకున్నారు. ఇది బయటికొస్తే నాన్న పరువూ పోతుంది, నా ఉద్యోగమూ పోతుంది. ఎక్కడా అనకు."

"ఏంటి?"

"ఎక్కడా అనకు!"

"సరిగ్గా చెప్పవే, ఏంటీ?"

"ఈ మాట ఎవరితోనూ ఎప్పుడూ అనొద్దమ్మా!" అని పిల్ల అరిచింది. వీధిలోకి వినిపించి ఉంటుంది. ముందుగదిలో టీవీ గొంతు తగ్గింది.

"ఏంటర్రా, ఏమనొద్దూ?" అన్నాడు అన్నయ్య అక్కడి నుంచే.

"ఏం లేదు నాన్నా, మాత్రల గురించి" అంది పిల్ల. టీవీ మళ్ళీ పెరిగింది.

వదినకి ఈసారి వినపడింది. మొహంలో వెలుగు వెంటనే పోలేదు, కాసేపు అలాగే ఉండి నెమ్మదిగా పోయింది. "సరేలే అమ్మా, అననులే" అంది. పిల్ల తల్లి బుగ్గ మీద ముద్దు పెట్టి, తేలిగ్గా ఊపిరి తీసుకుని, రేపు ఎన్ని గంటలకి బయల్దేరాలో కనుక్కోవడానికి తండ్రి దగ్గరికి వెళ్ళింది.

నేను ఏదో అనాలి. జన్మంతా వాగినదాన్ని, ఆ పూట గుడ్డ లేని మిషన్ తొక్కుతూనే ఉన్నాను. వదిన నా ఒళ్ళోంచి కోటు తీసుకుని, నేను వదిలేసిన చెయ్యి మడత చూసి, సూది అందుకుని తనే కుట్టడం మొదలుపెట్టింది. కాసేపటికి, తల ఎత్తకుండా, ఇల్లంతా వినపడే ఆ గొంతుతోనే నాతో అంది.

"అత్తయ్య ఉన్నప్పుడే నయం. ఎప్పటికైనా పోతుందని ఉండేది."